పన్నెండో దిమ్మె

ఇప్పలగుంపు మలుపు దగ్గర చీకటి పడ్డాక బస్సు ఆగేది కాదు. ఎంత చెయ్యి ఊపినా ఆగేది కాదు.

పాల్వంచ నుంచి భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద, అడవి చిక్కబడే చోట ఉంటుంది ఆ మలుపు. డ్రైవర్లు అక్కడికి రాగానే హారన్ మీద వేసిన చెయ్యి మలుపు దాటేదాకా తీసేవాళ్లు కాదు. సైకిల్ మీద పోయేవాళ్లయితే, సీసాలో ఉన్న నీళ్లు ముందే గటగటా తాగేసేవాళ్లు. మిగిలితే పారబోసేవాళ్లు. నీళ్లు కనిపిస్తే అది అడుగుతుందట...

"నీళ్లు... గుక్కెడు నీళ్లు..."

ఇస్తే వెంట వస్తుంది. ఇవ్వకపోతే ఇంటిదాకా వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాబట్టి ఖాళీ సీసాతో పోవడమే మేలని పెద్దలు తేల్చారు.

అది జంపక్క దెయ్యం. ఇప్పలగుంపు పిల్లే. తొలి కాన్పు నొప్పులతో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోదామని మలుపు దాకా మంచం మీద మోసుకొచ్చారు. మగవాళ్లు బస్సు ఆపడానికని రోడ్డు మీద చాలా దూరం పోయారు. పిల్ల దగ్గర తల్లి ఆదెమ్మ ఒక్కతే మిగిలింది. బస్సు కంటే ముందు బిడ్డ వచ్చింది. వస్తూనే పోయింది. ఆ వెనకే జంపక్కకు నెత్తురు ఆగలేదు. ప్రాణం పోయేదాకా నీళ్లు, నీళ్లు అని అడిగిందట. చుట్టుపక్కల చుక్క దొరకలేదని ఆదెమ్మ నేల మీద పడి పొర్లి ఏడ్చింది. అప్పటినుంచీ ఆ మలుపుకు జంపక్క పేరు.

అక్కడే... సరిగ్గా అక్కడే... సర్కారు తెచ్చి ఇల్లు పెట్టింది.

కట్టింది కాదు, పెట్టింది. పాల్వంచ దిక్కున ఏదో పెద్ద పని అయిపోయాక, ఇంజనీర్ల క్యాంపులో మిగిలిపోయిన ఇల్లది. ఇనుప చట్రం, చెక్క గోడలు, చెక్క నేల, పైన రేకులు. ముక్కలు ముక్కలుగా విప్పి లారీలో వేసుకొచ్చి, పన్నెండు ఇటుక దిమ్మెల మీద నిలబెట్టి, బోల్టులు బిగించారు. రెండు రోజుల్లో ఇల్లు తయారు. నడి ఎండాకాలం. నల్లరేగడి నేల రాయిలా ఉంది. దీనికి పునాది దండగ అనుకున్నాడు కాంట్రాక్టరు. ఉత్త నేల మీదే దిమ్మెలు లేపి లారీ ఎక్కి పోయాడు.

గోడ మీద 'ఆరోగ్య ఉపకేంద్రం' అని రాశారు. ఊరు మాత్రం బోల్టుల ఇల్లు అంది.

మొదట వచ్చిన నర్సు ఆ ఇంట్లో నాలుగు రాత్రులు ఉంది. రెండో ఆమె రెండే. రాత్రయితే గోడలు మూలుగుతాయని, తలుపును ఎవరో అవతలినుంచి పట్టుకుంటారని చెప్పి ఇద్దరూ బదిలీ చేయించుకున్నారు.

మూడో నర్సు ద్వాలి.

తిరుమలాయపాలెం దగ్గర తండా పిల్ల. ఇరవై ఆరేళ్లు. మొగుడు హాతీరాం పాల్వంచలో ఫిట్టరు, షిఫ్టు డ్యూటీ, అక్కడే ఉంటాడు. ద్వాలి నోరు చిన్నప్పటినుంచీ పెద్దది. పెళ్లిలో తండా ముసలమ్మలు హాతీరాంను చూసి, పాపం పిల్లగాడు అన్నారట గానీ, పిల్లను చూసి ఎవరూ పాపం అనలేదు. ఎనభై ఎనిమిదో సంవత్సరం ఫిబ్రవరిలో ఇనప్పెట్టె, మందుల డబ్బా పట్టుకుని మలుపు దగ్గర దిగింది. పగలు కాబట్టి బస్సు ఆగింది.

గడప దగ్గర చీపురు పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ఆదెమ్మ. చచ్చిపోయిన జంపక్క తల్లే. ఆ ఇల్లు ఊడ్చడానికి, వాగు నుంచి నీళ్లు తేవడానికి మొదటి నర్సు ఉన్నప్పుడే కుదురుకుంది. కూతురు పోయిన చోట ఎట్లా పని చేస్తున్నావని ఎవరన్నా అడిగితే జవాబు చెప్పేది కాదు. అసలు మాటే తక్కువ.

ఆ సాయంత్రం మాత్రం పోతూ పోతూ ఆగింది.

"రాత్రి ఈడ పండకు బిడ్డా. ఊళ్లెకొచ్చి పండు."

"ఎందుకవ్వా?"

"మంచిది గాదు."

"మంచిది గాకపోతె ఏమాయె? నేను మాత్రం మంచిదాన్నా ఏంది!"

ఆదెమ్మ నవ్వలేదు. తల వంచుకుని పోయింది.

రాత్రయింది. అడవి చల్లబడింది. ద్వాలి లాంతరు వత్తి తగ్గించి పడుకుంది.

కిర్ర్ర్...

ఎక్కడో గోడలో. మళ్లీ నిశ్శబ్దం. తర్వాత నేల కింద టక్కుమని ఒక చప్పుడు. ఆ చప్పుడుకు మంచం కింద పెట్టిన ఖాళీ మందు సీసా ఒరిగి... మెల్లగా... ఎవరో కాలితో నెట్టినట్టు దొర్లుకుంటూ... ఉత్తరం మూలకు పోయి ఆగింది. జంపక్క పోయిన చోటు ఆ మూలే అని పొద్దున బస్సులోనే చెప్పారు.

ద్వాలి లేచి కూర్చుంది. ఎదురుగా దక్షిణం గోడకు మేకు, ఆ మేకుకు లాంతరు. అది గోడను ఆనుకుని వేలాడాలి కదా! గోడకు బెత్తెడు దూరంలో, గాలి లేకుండానే, ఉత్తరం మూల వైపు జరిగి నిలబడింది. ఎవరో లాగి పట్టుకున్నట్టు...

భయం వేయలేదంటే అబద్ధం. అయితే భయం వేస్తే కొందరు కళ్లు మూసుకుంటారు, కొందరు నోరు తెరుస్తారు. ద్వాలి రెండో రకం.

"ఎవరే నువ్వు? ఉంటె ఉండు. సీసాల జోలికి రాకు. పగిలితె మళ్ల తెచ్చేందుకు పాల్వంచ దాక పోవాల్సింది నేను, నువ్వు గాదు."

తెల్లారేదాకా లాంతరును చూస్తూ కూర్చుంది. తెల్లారాక తలుపు రాలేదు. రెండు తన్నులు తంతే వచ్చింది.

పగటి వెలుతురులో కూడా లాంతరు అట్లాగే ఉంది. దాన్ని చూస్తుంటే ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. బావులు తవ్వే మనిషి. దారానికి రాయి కట్టి బావిలోకి వదిలేవాడు. రాయి ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది, వంకర పోయేది దరి, అనేవాడు. అంటే లాంతరు ఎటూ జరగలేదు. గోడే వంగింది. ఇల్లు ఇల్లంతా ఉత్తరం మూలకు ఒరిగింది.

"ఓహో! ఇదా నీ సంగతి," అంది ద్వాలి, ఇంటితోనో దెయ్యంతోనో.

కానీ ఆమెకు అర్థమైతే సరిపోతుందా? ఊళ్లో ఆడవాళ్లు గడప తొక్కేవాళ్లు కాదు. నాగక్క అని ఒక ఇంటి చిన్న కోడలు, ఐదో నెల. సూది వేయించుకోవడానికి చెయ్యి చాపుతుంది గానీ, కాన్పు మాటెత్తితే మొహం తిప్పుకుంటుంది.

"నువ్వు మా ఇంటికి రా నర్సమ్మా. నీ ఇంటికి మాత్రం నేను రాను. అది నన్ను నీళ్లడుగుతది."

మార్చిలో పెద్దాసుపత్రి నుంచి సూపర్‌వైజరు నిర్మలాదేవి వచ్చింది. రిజిస్టరు ముందు వేసుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చున్న కుర్చీ ఆమెతో సహా జానెడు జారింది. నిర్మలాదేవి బల్ల అంచు పట్టుకుంది.

"ఏమ్మా ద్వాలీ, ఇది ఇల్లా, జారుడుబండా?"

"దిమ్మె కుంగింది మేడం. సరి చేయిస్త."

"నాకు ఓపిక ఉందిగానీ పైవాళ్లకు లేదు. మే నెలాఖరుకు ఇల్లు సరిగా లేకపోతే విప్పించి వాగు అవతల రోడ్డు సెంటర్లో పెట్టిస్తారట. నీకూ అదే సుఖం కదమ్మా. ఈ మలుపులో ఒక్కదానివి..."

ద్వాలికి సుఖం అక్కర్లేదు. వాన కురిస్తే ఆ వాగు నాలుగు రోజులు దాటనివ్వదు. జూన్‌లో నాగక్కకు నెలలు నిండుతాయి. ఇల్లు వాగు అవతల ఉంటే నాగక్క మంచం కూడా ఇదే మలుపులో, ఇదే నేల మీద దిగుతుంది. జంపక్క ఒక్కతే పోయిందని చెప్పుకుంటున్న మలుపుకు ఇంకో పేరు తోడవుతుంది. అది తలుచుకుంటే ద్వాలికి ఒళ్లు మండింది.

"ఈ ఇల్లు ఈడికెల్లి కదలదు మేడం. రాసుకోండి."

ఏప్రిల్‌లో వారం సెలవు రోజున హాతీరాం వచ్చాడు. భుజాన లారీ జాకీ, చేతిలో చుట్ట చుట్టిన సన్నని తెల్ల పైపు. పైపు నిండా నీళ్లు పోసి, ఒక కొస ద్వాలి చేతికిచ్చి, రెండో కొసతో దిమ్మె దిమ్మెకూ తిరిగాడు. రెండు కొసల్లో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి ఏ దిమ్మె కుంగిందో పైపు చెప్పేస్తుంది. పదకొండు దిమ్మెలు ఇంచుమించు ఒక్క తీరుగా ఉన్నాయి. పన్నెండోది, ఉత్తరం మూలది, నాలుగు వేళ్లు కిందికి పోయింది.

ద్వాలి పానా తీసుకుని మూల బోల్టు మీదికి పోయింది. హాతీరాం చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. ముందు లెవెలు, ఎనక బోల్టు. వంకరగున్నప్పుడు బిగిస్తె వంకరగనే బిగుస్తది. నీ తీరుగ."

"నా తీరుగనా!"

"అవ్. నీ తీరుగనే."

ఇనుప చట్రం కింద జాకీ పెట్టి తిప్పుతుంటే ఇల్లు మూలుగుతూ లేచింది. దిమ్మెకూ చట్రానికీ మధ్య ఇనుప పలకలు కూర్చి దించారు. అప్పుడు బోల్టులు బిగించారు. తలుపు చిటికెన వేలితో నెడితే మూసుకుంది. సీసా నేల మీద పడుకోబెడితే కదల్లేదు. లాంతరు గోడకు అంటుకుంది. ద్వాలి గదిలో గిర్రున తిరిగింది.

రోడ్డు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు దూలయ్య. ఊరి పెద్ద. మలుపు దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వేయలేదు.

"ఎనిమిదొద్దులు ఆగి సూడు నర్సమ్మా. అది పోదు."

ఎనిమిది రోజులు కూడా పట్టలేదు. ఏడో రోజు పొద్దున తలుపు రాలేదు.

ద్వాలి కిటికీలోంచి దిగి, చీర ఎగ్గట్టి ఇంటి కిందికి పాకింది. పన్నెండో దిమ్మె మళ్లీ రెండు వేళ్లు కుంగింది. దాని పాదం దగ్గర మట్టి మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

తడి...

నేలంతా ఎండకు బీటలు వారి ఉంది. బీటల్లో చెయ్యి దూరుతోంది. చినుకు పడి నాలుగు నెలలు. వాగే దారంలా సన్నబడింది. చుట్టూ కొళాయి లేదు, బావి లేదు. ఆ ఒక్క మూల మాత్రం... జంపక్క నీళ్లడుగుతూ పోయిన ఆ ఒక్క చోటు... వేళ్లు దిగబడేంత తడిగా, మెత్తగా ఉంది.

ఇంటి కింద, ఆ సగం చీకట్లో, ద్వాలి చెయ్యి వెనక్కి తీసుకుంది. దిమ్మె కుంగడానికి లెక్క ఉంది. ఈ తడికి లేదు.

వేపపుల్ల నములుతున్న దూలయ్య సంగతి వినగానే పుల్ల తీసి పారేశాడు.

"చెప్పలె? అది దాహం. దాని దాహం గట్ల ఊరుతది."

"దాహమైనోళ్లు నీళ్లు తాగుతరు తాతా. పారబోస్తరా?"

"దెయ్యాల సంగతి నీకేమెరుక," అని దూలయ్య లేచిపోయాడు.

హాతీరాం జాకీ వదిలేసి పోయాడు కాబట్టి ద్వాలి ఒక్కతే మళ్లీ ఎత్తింది. మళ్లీ కుంగింది. ఇంకోసారి ఎత్తింది. ఇంకోసారి కుంగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆదెమ్మ పసుపు నూరి తెచ్చి ఆ చేతులకు రాస్తూ, "ఇడిసిపెట్టు బిడ్డా," అంది. ముసలామె కళ్లలో నీళ్లు. ద్వాలి విడిచిపెట్టే రకం కాదు. మే నెల సగమైంది.

అమావాస్య రాత్రి.

ద్వాలి లాంతరు ఆర్పేసింది. మంచం ఎక్కలేదు. ఉత్తరం మూల చెక్క నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. చేతిలో బ్యాటరీ లైటు. రానీ... ఎవరైతే వాళ్లే రానీ.

చాలాసేపు ఏమీ లేదు. రేకులు చల్లబడి ఒకసారి టంగుమన్నాయి. ఎక్కడో నక్క కూసి ఊరుకుంది.

తర్వాత... ఎండుటాకుల మీద...

చప్... చప్...

ఆగింది. మళ్లీ చప్... చప్... ఇంటి చుట్టూ తిరిగి మూలకు వచ్చింది. సరిగ్గా ఆమె చెవి కింద ఆగింది.

గుడ... గుడ... గుడ...

నీళ్లు. నేల తాగుతున్న చప్పుడు. ఆ చప్పుడు మధ్యలో, చెక్కకు అవతల, జానెడు దూరంలో ఒక గొంతు —

"తాగు... తాగు..."

ద్వాలి నాలుక పిడచగట్టింది. పారిపోవాలనిపించింది. అదీ నిజమే. కానీ మూడు నెలలు తన ఇంటిని కుంగదీసినదాని మొహం చూడకుండా పారిపోవడమా? లేచి తలుపు లాగింది. రాలేదు. తన్నింది. రాలేదు. కిటికీలోంచి దూకింది. చీర మేకుకు పట్టి సర్రున చిరిగింది.

మూల దగ్గర తెల్లగా ఏదో వంగి ఉంది.

"ఎవరే!"

అది కదలబోయింది. ద్వాలి ఒక్క ఉరుకులో పోయి చెయ్యి పట్టేసింది. చల్లటి చెయ్యి... తడి చెయ్యి... ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి. రెండో చేత్తో లైటు వేసింది.

ఆదెమ్మ.

తెల్లచీర తడిసి ఒంటికి అంటుకుని ఉంది. కాళ్ల దగ్గర కుండ.

"అవ్వా... నువ్వా!"

ఆదెమ్మ పారిపోలేదు. దిమ్మె పక్కన కూలబడింది. గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది.

"నీళ్లు లెవ్వని చెప్పిన బిడ్డా. ఊరందరికి గదే చెప్పిన. ఉండె. కుండ నా పక్కపొంటే ఉండె. నిండుగ ఉండె."

"మరి...?"

"పచ్చి బాలింతకు నీళ్లు పొయ్యొద్దని మా అమ్మ చెప్పె. ఆమెకు ఆమె అమ్మ చెప్పె. తాగితె వాతం కమ్ముతది, సస్తది అని. నా కాళ్లు పట్టుకున్నది బిడ్డా నా బిడ్డ. అమ్మా గుక్కెడు అన్నది. యాడ సస్తదో అని పొయ్యలె. కనపడకుండ కుండ మీద కొంగు కప్పిన." ఆదెమ్మ తడి మట్టిని అరచేత్తో నిమిరింది. "సచ్చినంక... గదే కుండతోని తానం పోసిన."

ద్వాలి తండాలో మాత్రం వేరే ఉందా? తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ తడిబట్ట చప్పరించడం తాను చూసింది. నాయనమ్మ చూసి ఆ బట్ట కూడా లాక్కుంది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో అయినా అదే మాట, అందరి మేలు కోరి అన్న మాటే.

"నర్సమ్మవు గద, చెప్పు. నేను పోస్తె బతుకునా?"

అబద్ధం చెప్పడం తేలిక. ద్వాలి చెప్పలేదు.

"గట్ల చెప్పలేనవ్వా. నెత్తురు ఆగక పోయింది. సూది ఉంటె, దవాఖానా ఉంటె బతుకునేమో. కాని నీళ్లు తాగినందుకు మాత్రం ఏ బాలింత సావదు. ఒట్టు."

ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కుండ చంకనెత్తుకుంది.

"రేపటికెల్లి రాను. నీ ఇల్లు నిలవడనియి."

"రాకపోతె ఎట్ల?" ద్వాలి గొంతు మళ్లీ పాతదయింది. "కుండ తేవాలె. దిమ్మె మీద గాదు, ఇంట్లెకు తే. మట్టికి పోస్తె నీ బిడ్డ దాహం తీరుతదా అవ్వా? రేపు ఈ ఇంట్ల నీళ్లడిగేటోళ్లుంటరు. వాళ్లకు పొయ్యి."

"ఊరు ఒప్పుకోదు బిడ్డా."

"ఒప్పుకోకుంటె ఏంజేస్తది? నన్ను తింటదా?"

మరునాడు పొద్దున్నే ద్వాలి చిరిగిన చీరతోనే ఊళ్లోకి నడిచింది. దూలయ్య ఇంటి ముందు నిలబడి నలుగురూ వినేట్టు చెప్పింది.

"రాత్రి దాన్ని సూసిన. మాట్లాడిన."

దూలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏమన్నది?"

"నా నెత్తి మీద దిమ్మె పెట్టిన్రు, తీయమన్నది. మొరం తగిలేదాక తవ్వి రాళ్లు నింపమన్నది. తవ్వనోళ్ల ఇంటికి తనే వస్తనన్నది. పేర్లు కూడ అడిగింది."

ఆ మధ్యాహ్నానికి మలుపు దగ్గర తొమ్మిది గడ్డపారలు తేలాయి. అందరికంటే ముందున్నది దూలయ్యదే. వెనక ఆదెమ్మ తల వంచుకుని తట్ట మోస్తోంది. ఆమె సంగతి ద్వాలి ఎవరికీ చెప్పలేదు. అది చెప్పుకోవాల్సింది ఆమె.

హాతీరాం సెలవు పెట్టి వచ్చాడు. మూల చట్రం కింద జాకీ పెట్టి ఎత్తి, అడ్డంగా నిలువుగా మద్ది మొద్దులు పేర్చి ఇంటిని వాటి మీద నిలిపాడు. పాత దిమ్మెను ఊడబెరికారు. నల్లమట్టి నడుము లోతు తవ్వాక ఎర్ర మొరం ఖంగుమంది. వాగు రాళ్లు నింపి కొట్టి, అడుగున వెడల్పుగా కొత్త దిమ్మె లేపారు. నాలుగు రోజులు ఆరనిచ్చి ఇంటిని దించారు. అన్ని దిమ్మెల చుట్టూ మొరం ఎత్తుగా పోసి, వాన నీళ్లు దూరంగా పోయేట్టు కాలువ తీశారు. అప్పుడు పైపు పట్టారు. పన్నెండూ ఒక్క మట్టం. ఆ తర్వాతే బోల్టులు బిగించారు. ఆ పానా ద్వాలి ఎవరికీ ఇవ్వలేదు.

మే ముప్పైన నిర్మలాదేవి వచ్చింది. ముందు కుర్చీని చేత్తో కదిపి చూసి, అప్పుడు కూర్చుంది. బల్ల మీద పెన్ను అడ్డంగా పెట్టింది. పెన్ను కదల్లేదు. ఏదో రాసుకుంది. బస్సు దాకా వచ్చాక మెల్లగా అడిగింది.

"ఇంతకీ... ఏమైనా కనిపించిందా?"

"కనిపించింది మేడం. మంచిదే. దాని పుణ్యాన తొమ్మిది మంది తవ్విన్రు."

జూన్ రెండో వారంలో వాన పట్టుకుంది. మూడో రోజుకు వాగు ఒడ్డు తెగేట్టు పారింది. ఆ రాత్రి నాగక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఇక ఎక్కడికి పోతారు? గోనెపట్టాలు కప్పి మంచం మీద బోల్టుల ఇంటికే మోసుకొచ్చారు. గడప దగ్గర నాగక్క కళ్లు గట్టిగా మూసుకుంది. మంచం ఉత్తరం మూలలోనే పట్టింది.

అర్ధరాత్రి దాటాక ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమంది. నెత్తురు కొంచెం ఎక్కువ పోతుంటే ద్వాలి సూది వేసింది, పొత్తికడుపు నిమురుతూ కూర్చుంది. ఆగింది. ద్వాలి అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

నాగక్క పెదాలు కదిలాయి.

"నీళ్లు... గుక్కెడు నీళ్లు..."

గదిలో అందరూ బిగుసుకుపోయారు. అదే మాట. అదే మూల. గడపలో నిలబడ్డ దూలయ్య గోడకు అతుక్కుపోయాడు. "పట్టింది... అదే పట్టింది..." అని గొణిగాడు. నాగక్క అత్త రెండు చేతులూ అడ్డం పెట్టి మంచం ముందు నిలబడింది.

"పొయ్యొద్దు! పచ్చి బాలింత!"

ద్వాలి గ్లాసు అందుకుని లేవబోయింది. అంతలో వెనకనుంచి ఆదెమ్మ వచ్చింది. చంకలో కుండ. నిండు కుండ. అంతమందిలో ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. ఆ రాత్రి అందరూ విన్నారు.

"జరుగు."

"ఆదెమ్మా, నీ బిడ్డ ఈడనే..."

"అవ్. ఈడనే. గిట్లనే అడిగింది. నీళ్లు లెవ్వని మీకు అబద్ధం చెప్పిన. నా పక్కన కుండ ఉండె. నేనే పొయ్యలె. నా బిడ్డను ఇంకోసారి గట్ల పంపను. జరుగు!"

అత్త జరిగింది. ఎందుకు జరిగిందో ఆమెకే తెలియదు. ఆదెమ్మ నాగక్క తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. గ్లాసు పెదాలకు ఆనించింది.

"తాగు బిడ్డా... తాగు..."

అమావాస్య నాడు చెక్క కింద విన్న గొంతే. ద్వాలి కళ్లు మసకబారాయి. నాగక్క ఒక గ్లాసు తాగింది. రెండోది తాగింది. అందరూ ఆమె చావు కోసం చూస్తున్నట్టే చూశారు. నాగక్క మూతి తుడుచుకుని, "పిల్లనియ్యిన్రి," అంది.

మిగిలిన నీళ్లతో, సగానికి పైగా ఉన్న కుండను ఆదెమ్మ ఉత్తరం మూలలో నేల మీద పెట్టింది. వాన వెలిసేట్టు లేదు. ఎక్కడివాళ్లు అక్కడే ఒరిగి నిద్రపోయారు. ఆదెమ్మ కూడా నిద్రపోయింది, ఎన్నాళ్లకో గాఢంగా. ద్వాలి ఒక్కతే నాగక్క నాడి పట్టుకుని కళ్లు మూయకుండా కూర్చుంది. తెల్లారేదాకా ఆ గదిలో ఎవరూ లేవలేదు. అది ఆమె తన కళ్లతో చూసింది.

వెలుతురు వచ్చింది. లాంతరు గోడను ఆనుకుని నిటారుగా ఉంది. ద్వాలి లేచి ఒళ్లు విరుచుకుని మూలకు పోయింది.

కుండ పెట్టినది పెట్టినట్టే ఉంది. ఒరగలేదు. చీలలేదు. నేల సమంగా ఉంది, పొడిగా ఉంది. కింద ఒక్క చుక్క తడి లేదు.

కుండలో కూడా లేదు.

ద్వాలి చాలాసేపు ఆ ఖాళీ కుండలోకి చూసింది. నాలుగు నెలలుగా ఆమె ఆ మూలను అడగని ప్రశ్న లేదు. ఆ పొద్దున ఏమీ అడగలేదు. పోయి ఆదెమ్మ భుజం మెల్లగా తట్టింది.

"అవ్వా... లే. కుండ అయిపోయింది. నింపుకొని రా."